అత్తగారి పిక్క వాపు, వదినగారి మసాజ్ ప్యాకేజీ

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 44 ఏళ్లు. చాలా ఏళ్లుగా ఇంట్లోనే టైలరింగ్ చేస్తున్నాను, నాలుగేళ్ల నుంచి మగ్గం వర్క్ కూడా. ఆర్నెల్లుగా మెడ వెనక, కుడి భుజం రెక్క దగ్గర ఒకటే నొప్పి. సాయంత్రానికి తల పట్టేస్తుంది. ఆదివారం పని ఆపితే కొంచెం తెరిపి. చేతులు తిమ్మిరెక్కడం లేదు. తిరుపతిలో ఉండే మా వదిన అక్కడొక మసాజ్ సెంటర్లో మాట్లాడింది. 21 రోజుల ప్యాకేజీ 18,000 రూపాయలంట. నన్ను అడక్కుండానే 3,000 అడ్వాన్సు కట్టేసింది. ‘నరాలన్నీ సర్దేస్తారు, మళ్లీ జన్మలో నొప్పి రాదు’ అన్నారంట. మసాజ్ సెంటర్లంటే మంచివి కావు, పుత్తూరు పోయి కట్టు కట్టించుకుందాం అంటారు మా ఆయన. మా వీధిలో బాలింతలకు, బిడ్డలకు నూనె రుద్దే పెద్దావిడ ఉంది, ఆమె చాలు అంటుంది మా అత్త. నేను ఎవరి దగ్గరికి పోవాలి? వాళ్లు నిజంగా చదువుకున్నవాళ్లో కాదో ఎట్లా కనుక్కోవాలి? అన్నట్టు మా అత్తకు 68 ఏళ్లు, సుగరుంది. నెల కిందట తుంటి ఆపరేషన్ అయింది, ఎక్కువగా మంచంలోనే ఉంటోంది. వారంగా ఎడమ పిక్క వాచి నొప్పి అంటా ఉంది. ఆమెకు కూడా పెద్దావిడ చేత నూనె రాయించొచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఉత్తరమంతా మీ మెడ గురించి రాసి, చివర్లో ‘అన్నట్టు’ అంటూ అత్తగారి సంగతి కలిపారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆమె పిక్క మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. పెద్దావిడ వద్దు, మీరు వద్దు, నొప్పులకు చికిత్స చేసే నా దగ్గరికి తీసుకొచ్చినా నేనూ వెయ్యను.

తుంటి ఆపరేషన్ అయి మంచంలో ఉన్న మనిషికి ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పెడుతోందంటే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో అని ముందు అనుమానించాలి. డాక్టర్లు దీన్ని డీవీటీ అంటారు. ఇట్లాంటి ఆపరేషన్ అయిన తర్వాత కొన్ని వారాల పాటు ఈ ముప్పు ఎక్కువగా ఉంటుంది. ఆ కాలు పిసికితే గడ్డలో ముక్క విడివడి, రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవచ్చు. అప్పుడది ప్రాణం మీదికి వస్తుంది. వాచిన కాలు వెచ్చగా ఉందా, రంగు మారిందా అని చూడండి. కానీ ఇవేవీ లేకపోయినా ఊరుకోవద్దు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి, ఆయన దూరమైతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి ఈ రోజే తీసుకెళ్లాలి. నాళాల్లో రక్తం ఎట్లా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తీస్తే తేలిపోతుంది. గడ్డ ఉందని తేలితే రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు. ఈలోగా ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా, దగ్గితే రక్తం పడినా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చెయ్యండి.

ఈ జవాబు ఇక్కడ పెట్టేదాకా ఆగకుండా ఈ సంగతి ఉత్తరం రాసినామెకు విడిగా చెప్పేశాం. మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ‘వాతం నీరు దిగింది, గట్టిగా పిసికితే పోతుంది’ అనే మాట మన ఇళ్లలో చాలా తేలిగ్గా వినబడుతుంది.

సుగరున్నవాళ్ల విషయంలో ఇంకొకటి. చాలా ఏళ్లుగా సుగరున్న వాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. కాగిన నూనె రాసినా, వేడినీళ్ల బ్యాగు పెట్టినా కాలిందన్న సంగతి వాళ్లకు తెలీదు. పొద్దున చూస్తే బొబ్బ లేచి ఉంటుంది. ఆ బొబ్బ పుండై, ఆ పుండు మానక నెలల తరబడి తిరిగేవాళ్లను చూస్తూనే ఉంటాం. నూనె వేడి రాసేవాళ్లే ముందు తమ మోచేతి మీద చూసుకోవాలి. పాదాల్లో స్పర్శ లేనివాళ్లకు వేడి కాపడమే వద్దు.

ఇక మీ మెడకొస్తాను.

మీరు రాసింది చదువుతుంటే మగ్గం ముందు మీరు కూర్చున్న తీరు కళ్లకు కడుతోంది. చట్రం మోకాళ్ల ఎత్తున ఉంటుంది, మీరు నేల మీదో పీట మీదో బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఎడమ చెయ్యి గుడ్డ అడుగున దారం అందిస్తుంటే కుడి చెయ్యి పైన ఆరీ సూదితో పొడుస్తుంటుంది. చూపు మాత్రం ఆ చిన్న పూస మీద. ముహూర్తాలు దగ్గరపడితే రాత్రి పదకొండైనా తల పైకెత్తరు. మనిషి తల నాలుగైదు కిలోల బరువుంటుంది. అది ముందుకు వంగేకొద్దీ మెడ వెనక కండరాల మీద లాగుడు రెట్టింపై ఇంకా పెరుగుతుంది. సాయంత్రానికి నొప్పి పెరగడం, ఆదివారం తగ్గడం, చేతుల్లో తిమ్మిరి లేకపోవడం మూడూ కలిపి చూస్తే ఇది పని వల్ల అలసిన కండరాల నొప్పిలాగే ఉంది. ఉత్తరం చూసి ఇంతవరకే చెప్పగలను. ఎవరో ఒకరు ఎదురుగా కూచోబెట్టుకుని చూడాల్సిందే.

కొన్ని గుర్తులుంటే మాత్రం మసాజ్ మాటే ఎత్తకూడదు. చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తగ్గడం, పూసలు ఎక్కించేటప్పుడు మునుపు లేనట్టు వేళ్లలోంచి జారిపోతుండడం, నడిస్తే కాళ్లు తూలడం, మల మూత్రాల మీద అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, అర్ధరాత్రి నిద్రలేపే నొప్పి, కింద పడినాక మొదలైన నొప్పి. ఇందులో ఏ ఒక్కటున్నా ముందు ఎముకల డాక్టరో, నరాల డాక్టరో చూడాలి. పూసలు జారడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, మెడలో వెన్నుపాము నొక్కుకుపోతుంటే మొదట తెలిసేది అట్లాంటి సన్నపని దగ్గరే.

మీకివేవీ లేవనుకుందాం. అప్పుడు మసాజ్ పనిచేస్తుందా? చేస్తుంది, కొంతవరకు. బిగుసుకున్న కండరం సడలుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. నడుం నొప్పి మీద జరిగిన అధ్యయనాలను 2015లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ కలిపి చూస్తే, మసాజ్ వల్ల కొద్దికాలం పాటు ఉపశమనం ఉందనీ, ఎక్కువకాలం నిలుస్తుందనడానికి ఆధారం బలహీనమనీ తేలింది. 2017లో అమెరికా వైద్యుల సంఘం ‘అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్’ ఇచ్చిన సూచనల్లో కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందులకంటే ముందు చూడదగ్గవాటిలో వేడి కాపడం, మసాజ్ ఉన్నాయి. చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే బ్రిటన్ వాళ్ల నైస్ సంస్థ 2016లో ఇంకో మెలిక పెట్టింది: చేత్తో చేసే చికిత్స ఏదైనా వ్యాయామంతో కలిపితేనే ఇవ్వాలని. ఇవన్నీ నడుం గురించి. మెడ విషయంలోనూ ఆధారాలు ఇంతకంటే గట్టిగా లేవు. నా అనుభవమూ అదే చెబుతుంది. మసాజ్ చేయించుకుని నేరుగా మళ్లీ అదే మగ్గం ముందు అదే వంపులో కూర్చునేవాళ్లకు వారంలోపే నొప్పి తిరిగొస్తుంది.

అందుకే ‘నరాలన్నీ సర్దేస్తాం, మళ్లీ జన్మలో రాదు’ అన్న మాట దగ్గరే నాకు అనుమానం. నరాలు చోటు తప్పి పక్కకు పోవు, చేత్తో సర్దడానికి. వెన్నుపూసల మధ్య నుంచి పక్కకు జరిగిన డిస్కును బొటనవేలితో లోపలికి నెట్టలేరు. ‘ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయి’ అనేది కూడా మసాజ్ బోర్డుల మీద కనబడే మాటే. ఆ పని చూసుకోవడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. ఇంకోటి, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి మొక్కు తీర్చుకొచ్చిన మర్నాడు పిక్కలు పట్టేస్తే ‘లాక్టిక్ యాసిడ్ పేరుకుంది, రుద్ది కరిగిస్తాం’ అంటారు. ఆ యాసిడ్ ఎక్కినవాళ్లు కొండ మీద సేద తీరేలోపే గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. మర్నాటి నొప్పి అలవాటు లేని పనికి కండరాల్లో పడిన సన్నని దెబ్బల వల్ల. మెత్తగా నూనె రాసుకుంటే హాయిగా ఉంటుంది, రాసుకోకపోయినా మూడు నాలుగు రోజుల్లో అదే పోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: చదువుకున్నవాళ్లో కాదో ఎట్లా తెలుస్తుంది?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మసాజ్ చెయ్యాలంటే వందల గంటల శిక్షణ, పరీక్ష, లైసెన్సు ఉండాలి. మన దగ్గర మసాజ్ థెరపిస్టులకంటూ విడిగా ఒక కౌన్సిల్ లేదు. ఎవరైనా ఒక గది అద్దెకు తీసుకుని, రెండు బల్లలు వేసి, బోర్డు పెట్టుకోవచ్చు. గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసిన మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ కాగితం చూసి చాలామంది ఇదే సర్టిఫికెట్ అనుకుంటారు. అవి అంగడి పెట్టుకోవడానికి ఇచ్చిన కాగితాలు. చిల్లర కొట్టుకీ అవే ఉంటాయి.

కాబట్టి బోర్డును వదిలేసి మనిషి వెనక ఏ చదువుందో అడగాలి. మన ప్రాంతంలో నొప్పికి చెయ్యి వేసే అర్హత ఉన్నవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. ఫిజియోథెరపిస్టు బీపీటీ చదివి ఉంటారు, ఇంటర్ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి కనీసం నాలుగున్నరేళ్లు. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తెచ్చాక వాళ్ల వృత్తి దాని కిందికి వచ్చింది. ఆయుర్వేద వైద్యులు బీఏఎంఎస్, ప్రకృతి వైద్యులు బీఎన్‌వైఎస్. ఈ రెండూ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువులే. ఆయుర్వేదంలో డాక్టరు నూనె, పద్ధతి రాసిస్తే, శిక్షణ పొందిన పంచకర్మ థెరపిస్టు చేస్తారు. అది తప్పేం కాదు, పద్ధతే అది. కానీ ఆ డాక్టరు బోర్డు మీద పేరుగా మాత్రమే ఉండి, మనిషి నెలకోసారి కూడా రాకపోతే అప్పుడు తప్పు. ఫోన్ చేసినప్పుడే ‘డాక్టరు గారు ముందు చూస్తారా? ఏ రోజుల్లో ఉంటారు? రిజిస్ట్రేషన్ నంబరు రసీదు మీద ఉంటుందా?’ అని అడగండి. ‘కేరళ’ అని బోర్డు మీద ఉంటే చాలామందికి నమ్మకం వచ్చేస్తుంది. కేరళ ఒక రాష్ట్రం, డిగ్రీ కాదు కదా!

స్పాల్లో పనిచేసేవాళ్లలో కొందరు నైపుణ్య శిక్షణ సంస్థల్లో కొన్ని నెలల స్పా థెరపీ కోర్సు చేసి ఉంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒళ్లు హాయిగా ఉండడానికి వాళ్ల దగ్గరికి పోతే నాకు అభ్యంతరం లేదు. స్వీడిష్, థాయ్, డీప్ టిష్యూ అని పేర్లుంటాయి. నూనెతో నిమిరేది ఒకటి, బట్టలతోనే ఒళ్లు వంచి సాగదీసేది ఒకటి, లోపలి కండరం దాకా గట్టిగా నొక్కేది ఒకటి. నొప్పికి చికిత్స కావాలన్నప్పుడు మాత్రం పేరు చూసి ఎంచుకోవద్దు. నొప్పి ఎందుకొచ్చిందో పరీక్షించగలవాళ్లను ఎంచుకోండి.

సర్టిఫికెట్ కంటే నేను ఎక్కువ నమ్మేది మొదటి పది నిమిషాలను. బాగా తెలిసిన మనిషి అయితే మిమ్మల్ని నేరుగా బల్ల మీద పడుకోబెట్టరు. ఎదురుగా స్టూలు మీద కూచోబెట్టి అడుగుతారు: నొప్పి ఎప్పటి నుంచి, పొద్దునా సాయంత్రమా, ఏం పని చేస్తారు, బీపీ, సుగర్, గుండె జబ్బు ఏమైనా ఉన్నాయా, రక్తం పలచనయ్యే మాత్రలు వాడుతున్నారా, ఈ మధ్య ఆపరేషన్లు అయ్యాయా, నెల తప్పారా. తర్వాత తల కుడికి ఎడమకి తిప్పమంటారు, గడ్డం ఛాతీకి ఆనించమంటారు, రెండు చేతులూ పైకెత్తమంటారు. తన రెండు వేళ్లు మీ గుప్పిట్లో పెట్టి గట్టిగా పట్టుకోమంటారు, రెండువైపులా పట్టు ఒకేలా ఉందా అని. దూదితో మీ వేళ్ల కొసలు తాకి, ఇక్కడా అక్కడా ఒకేలా తెలుస్తోందా అంటారు. అప్పుడు గానీ భుజం రెక్క అంచు వెంట బొటనవేలు పెట్టి నొక్కుతూ రారు. ఎక్కడో ఒక చోట మీరు ‘ఆ, అదే’ అంటారు. అక్కడ చర్మం కింద తాడులా బిగిసిన కండరం తగులుతుంది. ఇంత చూసి, కొందరితో ‘మీకు మసాజ్ వద్దు, ముందు డాక్టరుకు చూపించుకోండి’ అని పంపించేస్తారు. చేతికొచ్చిన డబ్బు వదులుకుని మనిషిని వెనక్కి పంపగలిగినవాళ్లే నా లెక్కలో అర్హులు. ఎవరొచ్చినా, ఏ నొప్పైనా అదే 21 రోజులు రాసేవాళ్లు కారు.

చేసేటప్పుడు కూడా కొన్ని గమనించాలి. ఏ భాగానికి చేస్తారో, ఏ బట్ట తీయాలో, ఎందుకో ముందే చెప్పాలి. మెడకూ భుజానికీ చెయ్యడానికి వీపు పైభాగం కనబడితే చాలు, మిగతా ఒంటికి దుప్పటి కప్పి ఉంచాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారా అని ముందుగానే అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. ఆయుర్వేద ఆసుపత్రుల్లో అది మామూలు పద్ధతే. మొదటిసారి వదినగారినో మీ వారినో వెంట తీసుకెళ్లండి, ‘లోపలికి ఎవరూ రాకూడదు’ అంటే లేచి వచ్చేయండి. మధ్యలో ‘చాలు, ఆపండి’ అంటే ఆపాలి. ‘నొప్పి పెడితేనే పని చేసినట్టు, ఓర్చుకో’ అంటే వినొద్దు. కాస్త తీపు నొప్పి ఉండొచ్చు. పళ్లు బిగబట్టేంత నొప్పి, మర్నాడు కందిపోయిన మచ్చలు మంచి మసాజ్‌కి గుర్తులు కావు.

మెడ విరవడం వద్దే వద్దు. ఈ మాట మీకంటే మీ వారికి. కటింగ్ అయ్యాక సెలూన్లో తల అటూ ఇటూ పట్టి టక్కుమనిపిస్తే హాయిగా ఉంటుందని చాలామంది మగవాళ్లు అడిగి మరీ చేయించుకుంటారు. మెడ ఎముకల్లోంచి మెదడుకు పోయే రక్తనాళాలున్నాయి. ఆ విసురుకు నాళం లోపలి పొర చీలి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ ఓ టక్కుమనే చప్పుడు కోసం ఎందుకు?

మీ వారి అనుమానం మాత్రం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. మసాజ్ పేరు పెట్టి వేరే వ్యాపారం చేసే చోట్లు ఉన్నాయి, పేపర్లో చదువుతూనే ఉన్నాం. దానికి మందు నొప్పితోనే బతకడం కాదు. ఓపీ చీటీ రాసి, పట్టపగలు, డాక్టరు కూర్చునే చోటికి పోతే ఆ భయమే ఉండదు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీవెంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కళాశాలే ఉంది. మీరు తిరుపతి దాకా రానక్కర్లేదు కూడా. చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ముందు డాక్టరుకు చూపించుకుని, ఫిజియోథెరపీకి రాయించుకోండి. మీ ఊరివాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా గంట ప్రయాణమే. మీరు రాసిన స్థితిలో ఆ అవసరం కనబడటం లేదు, పైన చెప్పిన గుర్తులేవైనా ఉంటే మాత్రం ఆలోచించండి.

ఆయుర్వేదం వైపు మనసుంటే ఒక సంగతి తెలుసుకోండి. వాంతి చేయించే వమనం, విరేచనం, మలద్వారం గుండా మందు ఎక్కించే వస్తి, ముక్కులో మందు వేసే నస్యం, రక్తం తీసే రక్తమోక్షణం – ఇవి పంచకర్మలు. ఒంటికి నూనె రుద్దే అభ్యంగం, చెమట పట్టించే స్వేదనం వాటికి ముందు చేసే సన్నాహాలు. నూనె రుద్ది, ఆవిరి పెట్టె ఎక్కించి పంపేసి ‘పంచకర్మ ప్యాకేజీ’ అని బిల్లేస్తే, ఏ కర్మ చేశారని అడగొచ్చు. మెడనొప్పికి ఆయుర్వేద డాక్టర్లు గ్రీవావస్తి రాస్తుంటారు. ఉద్దిపిండి గట్టిగా కలిపి, మెడ వెనక గట్టులాగా గుండ్రంగా అతికించి, అందులో గోరువెచ్చని తైలం పోసి, చల్లారేకొద్దీ తీసి మళ్లీ వెచ్చనిది పోస్తూ అరగంట దాకా ఉంచుతారు. హాయిగా ఉంటుంది, నిజం. వెచ్చదనం పని వెచ్చదనం చేస్తుంది. నూనె ఎముకల దాకా ఇంకి అరుగుదలను తిరిగి నింపుతుందని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

పుత్తూరు కట్టు సంగతి. ఎముక విరిగితే దక్షిణాదిలో ఎక్కడెక్కడి నుంచో అక్కడికి జనం వస్తారు. 2022లో జిల్లాలు మారి పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ కట్టు పేరు మాత్రం ఉమ్మడి చిత్తూరు ఆస్తే. అయితే ఆ విద్య విరిగిన ఎముకను కదలకుండా నిలిపేది. మీ మెడలో ఏమీ విరగలేదు. మీకు కావాల్సింది దానికి సరిగ్గా ఎదురు, బిగుసుకున్నదాన్ని కదిలించడం. కాబట్టి మీ విషయంలో ఆ ప్రయాణం అనవసరం. నిజంగా ఎముక విరిగిందేమోనని అనుమానం వచ్చిన రోజున కూడా ఎక్కడికి పోయినా ముందు ఎక్స్‌రే తీయించండి. పుండు పడి ఎముక బయటికి కనబడుతున్నా, వేళ్లు నల్లబడుతున్నా కట్టు మాట లేకుండా నేరుగా ఆసుపత్రికే.

మీ వీధి పెద్దావిడను నేను తక్కువ చెయ్యను. ఎంతమంది బాలింతల నడుములు చూసిన చేతులో అవి! పని ఎక్కువైన రోజు రాత్రి ఆమె చేత మెడకూ భుజాలకూ నువ్వుల నూనె గోరువెచ్చగా రాయించుకుని పడుకోండి, నిశ్చింతగా. ఆమెను వైద్యం మాత్రం అడగొద్దు. ఇంత గట్టిగా, ఇక్కడ నొక్కు, అక్కడ విరువు అని వద్దు. పసిబిడ్డల ముక్కుల్లో, చెవుల్లో నూనె చుక్కలు వేసే అలవాటు ఆమెకుంటే ఆ బిడ్డల తల్లులకు చెప్పి మాన్పించండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన మసాజ్ మీ మగ్గానికి చెయ్యాలి. చట్రం కింద రెండువైపులా ఇటుకలో చెక్కలో పెట్టి ఎత్తు పెంచండి, మీరు వీపు ఆనే కుర్చీలో కూర్చుంటే చట్రం మోచేతుల ఎత్తుకు రావాలి. మొదటి వారం చెయ్యి తిరగదు, విసుగొస్తుంది, పూసలు వంకరగా పడతాయి. ఓర్చుకోండి. లైటు తల వెనక కాకుండా ఎడమవైపు నుంచి పని మీద పడేలా పెట్టండి. చూపు ఆనకే ముందుకు వంగుతున్నారేమో, 44 వచ్చాయి కాబట్టి కళ్లు పరీక్ష చేయించుకోండి. మెడనొప్పి అని వచ్చి, దగ్గరచూపు అద్దాలు పెట్టుకున్నాక సగం తగ్గిపోయినవాళ్లు మీ వృత్తిలో తక్కువేం కాదు. హెమ్మింగ్, హుక్కులు కుట్టేటప్పుడు ఒడిలో దిండు పెట్టుకుని గుడ్డను పైకి తెచ్చుకోండి, తల కిందికి దించొద్దు. ఫోన్లో అరగంటకోసారి అలారం పెట్టుకుని లేచి నాలుగడుగులు వెయ్యండి, కుక్కరు కట్టేసి రావడానికైనా సరే.

వ్యాయామాలు మూడు చాలు. గోడకు వీపు ఆనించి నిలబడి, గడ్డం లోపలికి లాగి తల వెనకభాగం గోడకు నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టడం. రెండు భుజం రెక్కలూ వెనక్కి దగ్గరకు లాగి పట్టడం. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి ఒళ్లు ముందుకు వాల్చడం. ఒక్కోటి పదిసార్లు, రోజుకు రెండు పూటలా. చెయ్యి జివ్వుమంటే ఆపేసి చూపించుకోండి. ఇంట్లో మసాజ్ కావాలంటే గోడకూ భుజం రెక్కకూ మధ్య టెన్నిస్ బంతి పెట్టి మెల్లగా దొర్లించుకోండి. వెన్నెముక మీద కాదు, దాని పక్కన. ఫిజియోథెరపిస్టు దగ్గర వారానికి ఒకటి రెండుసార్ల చొప్పున నాలుగు వారాలు చేయించుకుంటూ ఇవి చేస్తే తేడా తెలియాలి. నాలుగు వారాలకూ ఏ తేడా లేదంటే అదే చికిత్స పొడిగించుకుంటూ పోవద్దు, మళ్లీ డాక్టరుకు చూపించుకోండి.

వదినగారి 3,000 సంగతి మిగిలింది. ఆమె ప్రేమతోనే కట్టింది, దాని మీద గొడవ పెట్టుకోకండి. ముందు రసీదు ఉందేమో చూడండి. ఆ సెంటర్‌కు ఫోన్ చేసి, డాక్టరు ఎవరు, ఏం చదివారు, ముందు పరీక్షించి రాసిస్తారా అని అడగండి. సరైన జవాబు వస్తే, 21 రోజులు కాకుండా కట్టిన డబ్బుకు సరిపడా రెండు మూడుసార్లు చేయించుకుని చూస్తానని చెప్పండి. జవాబు నసిగితే డబ్బు వెనక్కివ్వమనండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు, కట్టినట్టు రసీదో ఫోన్‌పే మెసేజో దగ్గర పెట్టుకోండి. అదీ కుదరకపోతే 3,000 పోయినా ఫర్వాలేదు, పోయిన 3,000 కోసమని ఇంకో 15,000 కట్టకండి.